కడబంతిలో కూర్చున్నవాడి విస్తరి

మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనా ప్రయోగశాల శాస్త్రవేత్తలకు, ఢిల్లీలో రేషన్ స్కేళ్లు (ఒక్కొక్కరికి ఏ సరుకు ఎంత అన్న కొలతలు) ఖరారు చేసే అధికారులకు, గిద్దలూరు దగ్గరి పల్లె నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా, నమస్కారం.

మా వైపు పెళ్లి భోజనాల దగ్గర ఒక మాట అంటారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని. సైన్యంలో కడబంతి అంటే చివరి పోస్టు. డిపో నుంచి బేస్‌కి, బేస్ నుంచి క్యాంపుకి, అక్కడి నుంచి ఇంకో క్యాంపుకి చేతులు మారుతూ వచ్చిన రేషన్ చిట్టచివర ఆగే చోటు అది. ఒక చలికాలం నేను ఆ బంతిలో కూర్చున్నాను. ఆరుగురం, ఒక ఫైబర్ ఇగ్లూ, రెండు కిరోసిన్ స్టవ్‌లు, తొంభై రోజులకు పైన. పోస్టు పేరు, యూనిట్ పేరు రాయను, రాయకూడదు కూడా. సియాచిన్ అంటే చాలు, ఎత్తు 18,000 అడుగులు దాటింది అంటే చాలు.

ముందుగా ఒక మాట. ఇది మీ మీద ఫిర్యాదు కాదు. ఒకసారి మంచు తుఫాను పట్టి హెలికాప్టర్ ఎగరలేదు, కింది నుంచి సరుకు మోసుకొచ్చే లింకు దళం నడిచి రాలేదు. తొమ్మిది రోజులు మేము ఆరుగురం ముందే తయారుచేసి మూసిన తిండి పొట్లాల మీదే బతికాం. ఆ రుణం నాకు గుర్తుంది. ఇంట్లో మా ఆవిడ ఉప్మా చేస్తే ఇప్పటికీ ప్లేటు పక్కకి జరుపుతాను, అది వేరే సంగతి.

ఆ తొమ్మిది రోజులు అయ్యాక నేను చెత్త గోనె సంచి కట్టాను. అందులో ఖాళీ పొట్లాల కంటే సగం తిని పారేసినవే ఎక్కువ. కొన్ని అసలు విప్పనేలేదు. కాగితం మీద మా ఆరుగురికీ ఆ తొమ్మిది రోజులు రేషన్ పూర్తిగా అందింది. రిజిస్టరు అబద్ధం చెప్పలేదు. కానీ కిందికి దిగాక మెడికల్‌లో బరువు తూచినప్పుడు ఒక్కొక్కడూ ఎంత తగ్గాడో కూడా ఆ రిజిస్టరుకి తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఈ లేఖ రాయడానికి కారణం ఆ గోనె సంచే. పైకి ఎంత చేరిందో లెక్క ఉంది. కడుపులోకి ఎంత పోయిందో లెక్క కావాలి. నా సర్వీసులో ఏ పోస్టులోనూ ఆ ప్రశ్న ఎవరూ వచ్చి నన్ను అడగలేదు.

ఎందుకు తినలేకపోయాం అన్నది చెప్పాలంటే అక్కడి వంట ఎలా ఉంటుందో చెప్పాలి. ఆరుగురున్న పోస్టుకి కుక్కు రాడు. వంతులవారీగా వండుకోవాలి. నా వంతు వస్తే ముందు చేసే పని పప్పు కడగడం కాదు, జరీకేన్‌లో మంచు నింపుకు రావడం. నీళ్లంటే మంచే. గిన్నెడు మంచు కరిగితే అడుగున చారెడు నీళ్లుంటాయి. మళ్లీ మంచు వేయాలి, మళ్లీ చూడాలి. ఈ మధ్య మా అమ్మాయి పదో తరగతి పుస్తకంలో ద్రవీభవన గుప్తోష్ణం పాఠం చదువుతుంటే పక్కన కూర్చుని విన్నాను. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావాలట. మా పోస్టు ఎత్తులో నీళ్లు వందకి కాదు, 82 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అంటే కరిగిన నీటిని సున్నా నుంచి మరిగించడానికి ఎంత వేడి కావాలో, మంచుని నీళ్లు చేయడానికే దాదాపు అంత వేడి పోతుంది. మైనస్ ముప్పైలో ఉన్న మంచుని ముందు సున్నా దాకా తేవాలి కదా, అది అదనం. సగానికి పైగా కిరోసిన్ వంట మొదలుకాక ముందే అయిపోతుందన్నమాట. మేము అప్పట్లో స్టవ్‌ని తిట్టేవాళ్లం. పాపం, దాని తప్పేం లేదు.

82 డిగ్రీల్లో మరిగే నీళ్లలో కందిపప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కర్ ఉంటేనే అన్నం, పప్పు. కుక్కర్ గాస్కెట్ చలికి బిరుసెక్కి విరిగిందంటే ఆ పోస్టులో అదే పెద్ద వార్త. కొత్తది వచ్చేదాకా అన్నం పైన మెత్తగా, లోపల పలుకుగా ఉంటుంది. గుడ్లు గడ్డకట్టి గోలీల్లా టంగుమంటాయి. కింది నుంచి తెచ్చుకున్న కమలాపండుతో ఒక గఢ్వాలీ కుర్రాడు బౌలింగ్ వేస్తే ఇగ్లూ తలుపుకి సొట్ట పడింది.

ఇప్పుడు మీ పరిశోధనలోకి వస్తాను. రేషన్ బరువు తగ్గించడానికి, తిండిని గడ్డకట్టించి అందులోని నీళ్లు తీసేసే ఫ్రీజ్ డ్రై పద్ధతి మంచిదని మీకు తెలుసు, మాకూ తెలుసు. చీతా హెలికాప్టర్ ఆ ఎత్తున మోయగలిగేది కొద్ది కిలోలే. అందులోనుంచి నీళ్ల బరువు తీసేస్తే ఒక్క ట్రిప్పులో ఎక్కువ తిండి వస్తుంది. ఇంతవరకు బాగుంది. కానీ ఆ ఎండిన కూర మళ్లీ కూర కావాలంటే వేడినీళ్లు పోయాలి. ఆ నీళ్లు మంచు నుంచి రావాలి. ఆ మంచు కరగడానికి కిరోసిన్ కావాలి. ఆ కిరోసిన్ కూడా అదే హెలికాప్టర్‌లోనో, పోర్టర్ల వీపు మీదో రావాలి. తిండి సంచిలో ఆదా అయిన బరువులో ఎంత భాగం కిరోసిన్ జరీకేన్‌లో తిరిగొస్తుందో కలిపి తూచిన పట్టిక ఏదైనా ఉంటే దయచేసి బయటపెట్టండి. రిటార్ట్ పొట్లం కథ ఇంకోలా ఉంటుంది. అందులో నీళ్లు ముందే ఉన్నాయి, ఉడకబెట్టి ఉంది, వేడి చేస్తే చాలు. అయితే అది ఇటుకలా గడ్డకట్టి ఉంటుంది. స్లీపింగ్ బ్యాగులో మనతోపాటు రాత్రంతా పడుకోబెట్టుకోవాలి. నేను పులావ్ పొట్లాన్ని పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయిన రాత్రులున్నాయి. రెంటిలో ఏది మేలంటే, నా ఓటు పొట్లానికే. స్టవ్ పాడైన రోజున కూడా అది తిండే. ఎండు కూర స్టవ్ లేకపోతే ఒట్టి పొడి.

అసలు ముడి ఇంకా అవతల ఉంది. అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. ఇది ధైర్యానికి సంబంధించింది కాదు, ఆక్సిజన్‌కి సంబంధించింది. ఒళ్లు మైదానంలో కంటే ఎక్కువ ఖర్చు చేస్తుంటుంది, నోరు మాత్రం తక్కువ అడుగుతుంది. నెయ్యి వాసన వస్తే కడుపులో తిప్పుతుంది. చాక్లెట్లు, జీడిపప్పు, బాదంపప్పు ఇస్తారు, నిజం. కింద ఎవడైనా దొరికితే చాలనుకునే వస్తువులు పైన మూలన పడి ఉంటాయి. బయటివాళ్లకి చెబితే నమ్మరు. "జీడిపప్పు పెడితే తినలేదా, ఏం సైనికుడివిరా" అని మా బాబాయి ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఒక పార్శిల్ సంగతి చెబుతాను. రెండో నెలలో లింకు వచ్చినప్పుడు మా అమ్మ పంపిన మూట అందింది. నెలన్నర ప్రయాణం చేసి వచ్చింది. అందులో సున్నుండలు, కందిపొడి. సున్నుండలు రాళ్లైపోయాయి, మంచు గొడ్డలి వెనకవైపుతో కొట్టుకుని చప్పరించాం. కందిపొడి మాత్రం డబ్బా మూత తీయగానే ఇగ్లూ అంతా వెల్లుల్లి, ఎండుమిరప వాసన. ఆ పూట నేను కుక్కర్‌లో మామూలుగా పెట్టినంతే అన్నం పెట్టాను. చాలలేదు. మళ్లీ పెట్టాను. పంజాబీ నాయక్ ఒకాయన అన్నం అంటేనే మొహం తిప్పుకునేవాడు. చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకుని తిన్నాడు. "యే క్యా చీజ్ హై" అని అడిగాడు. కంది అంటే మీ అర్హర్ దాలే అన్నాను. నమ్మలేదు. ఆ డబ్బా ఆరు రోజులు వచ్చింది. ఆ ఆరు రోజులు మా పోస్టులో అన్నం పారేయలేదు.

ఆ పొడిలో ఉన్న కేలరీలెన్ని? మనిషికి ఒకటి రెండు చెంచాలు. లెక్కలోకి రానంత. కానీ దాని వల్ల లోపలికి పోయిన అన్నం లెక్కలోకి వస్తుంది కదా. స్కేలు కాగితంలో ఆ చెంచాడు పొడికి గడి ఎక్కడుంది?

ఇది నా ఒక్కడి అనుభవమని కొట్టిపారేయకండి. మీకు నాకంటే బాగా తెలిసిన విషయమే గుర్తుచేస్తున్నాను. 1983లో అమెరికా సైన్యం హవాయి దీవుల్లోని ఒక ట్రైనింగ్ ఏరియాలో తన సైనికులకి 34 రోజులపాటు అప్పట్లో కొత్తగా వచ్చిన ఎం.ఆర్.ఈ. (విప్పి తినేయడమే, వండక్కర్లేని) పొట్లాలే పెట్టింది. రోజుకి మనిషికి ఇచ్చింది 3,600 కేలరీలు. వాళ్లు తిన్నది అందులో సుమారు 60 శాతం. బరువు తగ్గారు. విచిత్రమేమిటంటే, రుచి ఎలా ఉందంటే బాగానే ఉందని మార్కులు వేశారు. తర్వాత అవే పొట్లాలని ఎం.ఐ.టి. విద్యార్థులకి 45 రోజులు పెట్టి చూశారు. బల్ల, కుర్చీ, ప్లేటు, పక్కన స్నేహితులు, తినడానికి ఒక టైము. వాళ్లు సైనికుల కంటే చాలా ఎక్కువ తిన్నారు. తిండి అదే, మారింది తినే చోటు. దాన్నుంచి మసాచుసెట్స్‌లోని నేటిక్ పరిశోధనశాల వాళ్లు చాలా నేర్చుకున్నారు. తర్వాతి ఏళ్లలో మెనూలు మార్చారు, పొట్లంలోనే నీళ్లు పోస్తే వేడెక్కే హీటరు పెట్టారు, వేలెడు సీసాలో కారం సాస్ కూడా పెట్టారు. ఆ కారం సాస్ సీసా గురించి చదివినప్పుడు నాకు మా అమ్మ కందిపొడి డబ్బా గుర్తొచ్చింది.

ఇక ఢిల్లీ అధికారులకి చెప్పాల్సింది. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకి వచ్చిన కాగ్ నివేదిక మీ దగ్గర ఉండే ఉంటుంది. ఎత్తైన ప్రాంతాల్లో ఉన్న సైనికుల బట్టలు, సామగ్రి, రేషన్, ఇళ్ల మీద చేసిన ఆడిట్ అది. అందులో రేషన్ గురించి రాసినది చదివినప్పుడు నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ వేసింది. స్కేలు ప్రకారం ఇవ్వాల్సిన వస్తువు లేనప్పుడు దాని బదులు ఇంకోటి ఇస్తారు, సరే. ఆ బదులు వస్తువు ఎంత ఇవ్వాలన్నది ధరకి ధర లెక్కన తేల్చారట. దానివల్ల సైనికుడికి అందాల్సిన కేలరీలు కొన్ని సందర్భాల్లో 82 శాతం దాకా తగ్గాయని కాగ్ తేల్చింది.

ఇది ఎలా జరుగుతుందో మా ఊళ్లో ఒకాయన అడిగితే జీడిపప్పుతో చెప్పాను. ఈ ఉదాహరణ నాది, కాగ్‌ది కాదు. వంద గ్రాముల జీడిపప్పులో 550 కేలరీల దాకా ఉంటాయి. వంద గ్రాముల టిన్ను పైనాపిల్‌లో వంద కూడా ఉండవు. జీడిపప్పు స్టాకు లేదు, అంతే డబ్బుకి పైనాపిల్ ఇచ్చాం అనుకోండి. ఖజానాకి పైసా నష్టం లేదు, ఆడిటర్‌కి సంతకం పెట్టడానికి అడ్డం లేదు. డబ్బు పొయ్యిలో వేస్తే వేడి రాదు కదండీ అన్నాడాయన. కిరాణా కొట్టు నడుపుకునే మనిషి. ఆయనకి ఒక్క నిమిషంలో అర్థమైంది.

ఆ ఆడిట్ 2015-16 నుంచి 2017-18 దాకా ఉన్న పరిస్థితి మీద చేసిందని, ఆ తర్వాత చాలా మెరుగైందని సైన్యం చెప్పింది. నమ్ముతాను. మా తర్వాతి తరం కుర్రాళ్లే పైన ఉన్నారు, వాళ్లతో ఫోన్లో మాట్లాడితే మా రోజుల కంటే ఎంతో నయమనే అంటున్నారు. అయినా అడుగుతున్నాను: ధరకి ధర అన్న ఆ సూత్రం కాగితం మీద నుంచి పోయిందా? పోతే, దాని స్థానంలో కేలరీకి కేలరీ, వీలైతే ప్రోటీన్‌కి ప్రోటీన్ అని రాసిన ఉత్తర్వు ఏది? అందులో దాచాల్సిన రహస్యం ఏమీ ఉండదు. ఏ పోస్టులో ఎంతమంది ఉన్నారో అడగడం లేదు. బాదంపప్పు లేకపోతే ఏమిస్తారో అడుగుతున్నాను.

తిండి గురించి సైనికుడు మాట్లాడితే ఏమవుతుందన్న భయం కూడా ఒకటుంది, దాచడం ఎందుకు. 2017 జనవరిలో ఒక బి.ఎస్.ఎఫ్. జవాను నీళ్ల పప్పు, మాడిన రొట్టె చూపిస్తూ వీడియో పెట్టాడు. దేశమంతా చూసింది. కొన్ని నెలలకి అతని ఉద్యోగం పోయింది. అతనిది ఒప్పా తప్పా అన్నది నేను తేల్చలేను. ఆ దళం వేరు, వాళ్ల రేషన్ పద్ధతి వేరు. కానీ ఆ తర్వాత ఏ లంగర్ (సైన్యం వంటశాల)లోనైనా, ఏ కుర్రాడైనా, "సార్, ఈ పొట్లం తినలేకపోతున్నాం" అని చెప్పడానికి ఎంత తటపటాయిస్తాడో మీకు తెలియాలి. "ఎలా ఉందిరా ఖానా" అని పెద్ద సాబ్ అడిగితే "బడియా, సాబ్", అంటే చాలా బాగుందని, అదొక్కటే జవాబు. ఆ జవాబుని మీరు డేటా అనుకుంటే మోసపోతారు.

మంచి ఏం జరగలేదా అంటే, చాలా జరిగింది. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధంలో నామ్‌కా చూ వాగు ఒడ్డున నిలబడ్డ మన పటాలాలకి కాటన్ బట్టలు, అరకొర రేషన్. విమానం నుంచి త్సంగ్‌ధార్ దగ్గర జారవిడిచిన మూటల్లో చాలావరకు లోయల్లో పడిపోయాయి. మా తాత తరం వాళ్లు దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లు. మీ మైసూరు ప్రయోగశాల మొదలైంది దానికి ఏడాది ముందు, 1961 డిసెంబరులో. అక్కడి నుంచి నెలల తరబడి బూజు పట్టని చపాతీ దాకా, రాకేశ్ శర్మ 1984లో రోదసికి తీసుకెళ్లిన హల్వా, పులావ్ దాకా వచ్చారు. ఈరోజు సూపర్ మార్కెట్లో పొట్లం చించి వేడి చేసుకుని తినే కూరల వెనుక మీ పద్ధతి ఉందని చాలామందికి తెలియదు. మీ మ్యాంగో బార్ చూసి నేను మొదటిసారి నవ్వుకున్నాను. ఆత్రేయపురం మామిడి తాండ్రకి యూనిఫాం తొడిగినట్టుంది. అది మాత్రం పైన ఎప్పుడూ మిగల్లేదు. తియ్యగా, పుల్లగా ఉంటుంది, వేడి చేయనక్కర్లేదు, చప్పరిస్తే చాలు. మీ లెక్కల్లో అది ఎందుకు గెలిచిందో ఒకసారి విడిగా చూడండి.

లేహ్‌లో మీ సోదర సంస్థ, ఎత్తైన ప్రాంతాల పరిశోధన చేసే వాళ్లు, ఇంకో దారి పట్టారు. పైకి మోసుకెళ్లడం ఎంత కష్టమో చూసి, అక్కడే పండించడం మీద పడ్డారు. నేలలో కందకం తవ్వి పైన ప్లాస్టిక్ కప్పి చలికాలంలో ఆకుకూరలు. లద్దాఖ్ రైతులకి విత్తనాలు, పద్ధతులు నేర్పి, వాళ్ల సహకార సంఘాల నుంచే సైన్యం కూరగాయలు కొనడం. లేహ్‌లో ఎక్లిమటైజేషన్‌లో, అంటే ఎత్తుకి ఒళ్లు అలవాటు చేసుకుంటూ ఉన్నప్పుడు తిన్న పాలకూర పప్పు గుర్తొస్తే ఇప్పటికీ నోరూరుతుంది. పప్పులో ఆకు నిజంగా పచ్చగా ఉంది. టిన్నులోంచి వచ్చిన పచ్చదనానికి, చేలోంచి వచ్చిన పచ్చదనానికి తేడా అక్కడికి వెళ్లినవాడికే తెలుస్తుంది.

దారులు కూడా మారుతున్నాయి. మా రోజుల్లో నవంబరులో లద్దాఖ్ దారిలోని జోజిలా కనుమ మూసుకుంటే ఆరు నెలల సరుకు ముందే పైకి ఎక్కించి పెట్టుకోవాలి, చీమలు దాచుకున్నట్టు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది పోయాక, ఆ చలికాలం వేలమంది అదనపు సైనికులకి లద్దాఖ్‌లోనే తిండి పెట్టాల్సి వచ్చింది. పెట్టారు. సైన్యానికి సరుకు చేరవేసే ఏ.ఎస్.సి. వాళ్లు ఆ వేసవిలో చేసిన చాకిరీ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. అదే ఏడాది అక్టోబరులో లద్దాఖ్‌కి వెళ్లే మనాలీ దారిలో అటల్ సొరంగం తెరిచారు. జోజిలా కింద 13 కిలోమీటర్ల పైచిలుకు సొరంగాన్ని మన హైదరాబాద్ కంపెనీ మేఘా తవ్వుతోంది. అది పూర్తయితే లారీ చలికాలంలోనూ దాటుతుంది. కానీ లారీ ఆగిన చోటి నుంచి నా ఇగ్లూ దాకా ఉన్న దూరానికి సొరంగం లేదు. అక్కడ ఇంకా వీపు, తాడు, వాతావరణం అనుకూలిస్తే హెలికాప్టర్. ఇప్పుడు డ్రోన్లు వస్తున్నాయి, సంతోషం. డ్రోన్ మోసే కొద్ది కిలోల్లో ఏం పెట్టాలన్నది మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

చిరుధాన్యాల విషయంలో మాత్రం ఒక చిన్న తగువు పెట్టుకుంటాను. 2023 మార్చిలో సైన్యం ప్రకటించింది, యాభై ఏళ్లకు పైగా ఆగిపోయిన సజ్జ, జొన్న, రాగి పిండి మళ్లీ రేషన్‌లోకి వస్తాయని. బియ్యం, గోధుమపిండి కోటాలో 25 శాతం మించకుండా. నేను రాయలసీమ పక్కనున్నవాణ్ణి, రాగి సంగటి తిని పెరిగాను, ఈ వార్తకి నాకంటే సంతోషించినవాడు ఉండడు. కానీ అయ్యా, పిండిని పిండిగా కడబంతికి పంపకండి. జొన్నరొట్టె తట్టాలంటే అరచేయి బయట ఉండాలి. మైనస్ ముప్పైలో చేతి తొడుగులు తీసి రొట్టె తట్టమంటే, రొట్టె కంటే ముందు వేళ్లు బిగుసుకుంటాయి. సంగటి గెలకాలంటే అరగంట స్టవ్. అదే రాగిని వేయించి, ఉడికించి, ఆరబెట్టి, బెల్లం, కాస్త ఉప్పు కలిపిన పొడి చేస్తే మగ్గులో వేడినీళ్లు పోసుకుని జావలా తాగేయొచ్చు. నీళ్లూ లోపలికి పోతాయి. పైన దాహం కూడా వేయదు కాబట్టి అది చిన్న విషయం కాదు. పిల్లల కోసం ఇలాంటి పొడులు ఊరూరా అమ్ముతున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది. మీరు ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఎన్నాళ్ల పని?

పొట్లం చింపడం గురించి చెప్పకపోతే మా వాళ్లు నన్ను క్షమించరు. అంచు మీద చిన్న గాటు పెడతారు, అక్కడ పట్టుకుని లాగాలి. మైసూరులో గది ఉష్ణోగ్రతలో అది చక్కగా చిరుగుతుంది. మూడు వరసల తొడుగులు వేసుకున్న వేళ్లకి ఆ గాటు దొరకదు. పళ్లతో చింపుతాం. టిన్ను అయితే ఇంకా కష్టం. ఒట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. టిన్ను కటర్ కోసం తొడుగు తీసిన రెండు నిమిషాలకి వేలు తెల్లబడ్డ మనిషిని నేను చూశాను. వేలు దక్కింది, అతని అదృష్టం. తిండి పరిశోధన అంటే లోపలున్న పదార్థమే అనుకుంటే ఈ గాటు ఎవరి శాఖ కిందికీ రాదు. దాన్ని అరచేయంత లూప్ చేయండి. కొత్త పొట్లం తయారైనప్పుడల్లా ఒకణ్ణి కోల్డ్ స్టోరేజీలోకి పంపి, తొడుగులు వేయించి, చీకట్లో విప్పమనండి.

నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చు పనులు కావు. ఎంపిక చేసిన కొన్ని పోస్టుల నుంచి కిందికి వచ్చే చెత్త సంచుల్ని ఒక సీజన్‌పాటు తెరిచి చూడండి. ఏ పొట్లం ఎంత మిగిలిందో తూచండి. గ్లేసియర్ మీద నుంచి చెత్త ఎలాగూ కిందికి తెస్తున్నారు కాబట్టి మోత కూడా పెరగదు. పేరు, నంబరు రాయనక్కర్లేని ఒక కార్డు ముక్క ప్రతి పెట్టెలో పెట్టండి, తిన్నదానికి గీత, పారేసినదానికి సున్నా. హిందీ, ఇంగ్లీషు చదవలేని వాడు కూడా గీత గీయగలడు. సాబ్ ముందు "బడియా" అన్నవాడు ఆ కార్డు మీద నిజం చెబుతాడు. మీ కుర్ర శాస్త్రవేత్తల్లో ఆరోగ్యం బాగున్నవాళ్లని ఒకరిద్దరిని, ఎక్లిమటైజేషన్ చేయించి, కనీసం మధ్య క్యాంపు దాకా పంపండి. అక్కడ వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లే మంచు కరిగించుకుని, వాళ్లే వండుకుని, వాళ్లు కనిపెట్టినదే తినాలి. రెండు వారాలు చాలు.

ఇంకొకటి, ప్రాంతాల రుచులు. దక్షిణాది వాళ్లకి ఇడ్లీ, ఉత్తరాది వాళ్లకి రాజ్మా అని విడగొట్టి పంపమనడం లేదు. పోస్టులో ఆరుగురు ఆరు రాష్ట్రాల వాళ్లుంటారు, అది కుదరదు. ప్రధాన భోజనం అందరికీ ఒకటే ఉండనివ్వండి. దాని పక్కన నాలిక మేల్కొనేది ఏదో ఒకటి, చిటికెడు చాలు, నాలుగైదు రకాలు మార్చి మార్చి పెట్టండి. కందిపొడి, గోంగూర, నాగాల మిరప పచ్చడి, బెంగాలీల కాసుంది, రాజస్థాన్ లహసున్ చట్నీ. పదేసి గ్రాముల పొట్లాలు. నూనె గడ్డకట్టేవి వద్దు, పొడులైతే మేలు. నా పంజాబీ నాయక్‌కి కందిపొడి నచ్చినట్టే నాకు వాళ్ల చిన్నమ్మ పంపిన ఎండు పుదీనా పొడి నచ్చింది.

ఈ లేఖ మీ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను. అందరూ చదివేలా ఎందుకు రాశానంటే, మా ఊరి రోడ్డు మీద రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి కుర్రాళ్లు భర్తీ కోసం పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు. వాళ్లలో ఒకడు మా అక్క కొడుకు. "మామా, అక్కడ తిండి ఎలా ఉంటుంది" అని అడిగాడు. "బడియా" అని నోటిదాకా వచ్చింది.

పోస్టుతోపాటు చిన్న పార్శిల్ కూడా వస్తుంది, తీసుకోండి. మా అమ్మ లేదు, ఆమె కొలతలతో మా ఆవిడ కొట్టిన కందిపొడి, పావుకిలో. కంది, పెసర, శనగపప్పు దోరగా వేయించి, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి. తేమ ఎంతుందో, ఎన్ని నెలలు ఆగుతుందో మీ దగ్గర చూడండి. మైసూరులో రుచి చూస్తే ఉప్పు కాస్త ఎక్కువనిపిస్తుంది. నేనే ఎక్కువ వేయమన్నాను. పైన ఉప్పు నాలిక్కి ఆనదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దారు
గిద్దలూరు